నా బహుమతి ప్రసంగానికి నా జవాబు

పోయినేడు మన బడిలో వక్తృత్వ పోటీ జరిగింది. ఇచ్చిన విషయం "స్మార్ట్ సిటీ – మన ఆరోగ్యం". నేను ఐదు నిమిషాలు మాట్లాడి రెండో బహుమతి తెచ్చుకున్నాను. బహుమతి ఒక స్టీలు డబ్బా. ఆ రోజు నేను చెప్పిన మాటల సారం ఇది: "మన సోలాపూర్ స్మార్ట్ సిటీ అయ్యింది. రోడ్లు వచ్చాయి, దీపాలు వచ్చాయి, కెమెరాలు వచ్చాయి. నగరం బాగుపడితే దవాఖాన బాగుపడుతుంది. దవాఖాన బాగుపడితే జనం ఆరోగ్యంగా ఉంటారు." అందరూ చప్పట్లు కొట్టారు. సార్ వీపు తట్టారు.

ఆ ప్రసంగం తప్పు. ఇది ఎవరో చెప్పగా వచ్చిన బుద్ధి కాదు, మా ఇంట్లోనే తెలిసివచ్చింది. అందుకే నా మాటలకు నేనే ఈ పత్రికలో జవాబు రాస్తున్నాను. ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్లు ఇది కూడా చదవాలని నా మనవి.

ముందుగా నిజాలు చెప్పుకుందాం. స్మార్ట్ సిటీ పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2015 జూన్ 25న మొదలుపెట్టింది. 2016 జనవరి 28న మొదటి 20 నగరాల జాబితా వచ్చింది. అందులో మహారాష్ట్ర నుంచి ఉన్నవి రెండే: ఒకటి పుణె, రెండోది మన సోలాపూర్. పెద్ద పెద్ద నగరాలను దాటుకొని మన పేరు వచ్చింది. అది గర్వపడాల్సిన విషయమే, నేను కాదనను. ఒక్కో నగరానికి ఐదేళ్లలో కేంద్రం 500 కోట్లు, అంతే మొత్తం రాష్ట్రమూ నగరపాలికా కలిసి ఇవ్వాలని లెక్క. దేశంలో 100 నగరాలు ఎంపికయ్యాయి. సుమారు 8,000 పనులు, సుమారు 1.6 లక్షల కోట్ల రూపాయలు. 2025 మార్చి 31తో పథకం ముగిసింది.

ముగిసింది కాబట్టి ఇప్పుడు లెక్క అడగొచ్చు. పరీక్ష అయిపోయాకే గదా మార్కులు వేసేది!

నేను అడిగే ప్రశ్న ఒక్కటే. నగరం స్మార్ట్ అయ్యాక, జబ్బు చేసిన మనిషి దవాఖానకు పోతే, పని తొందరగా అవుతుందా? డాక్టర్ దొరుకుతాడా? పరీక్ష జరుగుతుందా? మందు చేతికి వస్తుందా? దవాఖాన పనితీరు అంటే ఇదే. గోడలకు వేసిన రంగు కాదు.

మా నానమ్మ నలభై ఏళ్లుగా బీడీలు చుడుతుంది. పోటీ అయిన నెలకు ఆమెకు దగ్గు పట్టుకుంది. "తునికాకు దుమ్ము బిడ్డా, అదే పోతది" అని మూడు వారాలు కషాయం తాగింది. రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష చేయించాలని మన సైన్స్ పుస్తకంలో చదివాను. ఆ మాట చెప్పి, బలవంతంగా మా పేటకు దగ్గరున్న చిన్న సర్కారీ దవాఖానకు తీసుకుపోయాను. ఆ దవాఖాన పేరు రాయను. ఎందుకు రాయనో తర్వాత చెప్తాను.

మొదటి రోజు కేస్ పేపర్ తీసుకొని పదకొండింటి దాకా కూర్చున్నాం. డాక్టర్ వేరే డ్యూటీకి పోయారన్నారు. రెండో రోజు డాక్టర్ చూశారు, కఫం పరీక్ష రాశారు. ల్యాబ్ మనిషి మాత్రం లేడు. ఆయనకు రెండు దవాఖానల పని, రోజు విడిచి రోజు వస్తాడట. మూడో రోజు కఫం ఇచ్చాం. రిపోర్టు కోసం ఇంకో రెండుసార్లు తిరిగాం. చివరికి మా నాయన గిర్నీకి సెలవు పెట్టి పెద్ద దవాఖానకు తీసుకుపోతే అక్కడ తేలింది, టీబీ అని. మొదటి కేస్ పేపర్‌కూ మొదటి మందు బిళ్లకూ మధ్య పన్నెండు రోజులు పోయాయి.

పన్నెండు రోజులు అంటే ఏమిటో చెప్తాను. మా చిన్నాన్న కూతురికి నాలుగేళ్లు. రాత్రి నానమ్మ పక్కనే పడుకుంటుంది. మందు వేసుకోని టీబీ రోగి ఒకరు ఏడాదిలో పది మంది దాకా అంటించవచ్చని డాక్టర్ చెప్పారు. ఇప్పుడు ఆ పసిపిల్ల కూడా ముందుజాగ్రత్త మందులు వేసుకుంటోంది. ఇక నానమ్మ దవాఖానకు పోయిన ప్రతి పొద్దూ బీడీలు చుట్టలేదు. బీడీల కూలి వెయ్యికి ఇంత అని ఇస్తారు. చుట్టకపోతే లేదు. సర్కారీ దవాఖాన ఉచితం అంటారు గదా? మాకు ఐదు రోజుల కూలి పడింది.

అటు పోతుంటే దారిలో ఒక చౌకులో పెద్ద దీపాల బోర్డు ఉంది. అక్షరాలు పరుగెడుతుంటాయి. నానమ్మ ఆగి అడిగింది, "అదేం జెప్తది బిడ్డా?" "గాలి మంచిగుందో లేదో చెప్తది నానమ్మా" అన్నాను. "గాలి సంగతి నా దగ్గునడిగితే జెప్పదా?" అన్నది. ఆమె నవ్వుతూనే అన్నది. నాకు మాత్రం నా ప్రసంగం గుర్తొచ్చింది.

దవాఖాన పేరు ఎందుకు రాయలేదంటే, అక్కడి సిస్టర్ తప్పు ఏమీ లేదు. ఒక్కామె కేస్ పేపర్ రాస్తుంది, పసిపిల్లలకు సూది వేస్తుంది, మందులు ఇస్తుంది, రిజిస్టర్ నింపుతుంది. మధ్యలో ఫోన్‌లో ఆన్‌లైన్ లెక్కలు ఎక్కిస్తుంది. నాకు కోపం వచ్చింది ఆమె మీద కాదు. నాలుగు పనులకు ఒక్క మనిషిని పెట్టి, ఆ మనిషి చేతికి ఇంకో ఆప్ ఇచ్చి, దాన్ని అభివృద్ధి అనే తెలివి మీద.

ఇది ఎందుకు జరుగుతుంది? నాకు అర్థమైనంతలో కారణం డబ్బు లేకపోవడం కాదు, డబ్బు ఉన్న సంచీ వేరు కావడం. ఒక సంచీలో కట్టడానికి డబ్బు ఉంటుంది. రోడ్డు, స్తంభం, కెమెరా, బోర్డు. ఒకసారి కట్టాలి, ఫోటో తీయాలి, రిబ్బన్ కత్తిరించాలి. స్మార్ట్ సిటీ సంచీ చాలావరకు ఇటువంటిది. ఇంకో సంచీ నెలనెలా జీతాలది. డాక్టర్, నర్సు, ల్యాబ్ మనిషి, మందులు, పరీక్షకు కావలసిన రసాయనాలు. ఈ సంచీ వేరే శాఖది, ఎప్పుడూ సన్నగానే ఉంటుంది. జీతం ఇస్తే రిబ్బన్ ఏముంటుంది కత్తిరించడానికి?

మన పెద్దలకు ఇది చెప్పనవసరం లేదు. మగ్గం కొని నేతగాణ్ని పెట్టకపోతే చాదర్ వస్తుందా? సోలాపూర్ చాదర్‌కు పేరు తెచ్చింది మగ్గం ఒక్కటే కాదు, దాని ముందు నిలబడ్డ మనిషి. దవాఖాన కూడా అంతే.

పథకం మార్గదర్శకాల్లో నగరానికి ముఖ్యంగా కావలసినవి పది అని రాశారు. మొదటిది నీళ్లు, తర్వాత కరెంటు, పారిశుధ్యం, రాకపోకలు, ఇళ్లు, ఐటీ, పాలన, పర్యావరణం, భద్రత. ఆరోగ్యం ఎక్కడుంది? పదోది. అది కూడా ఒంటరిగా కాదు, చదువుతో కలిపి ఒకే మాట. రెండూ చివరి బెంచీలో కూర్చున్నాయి. జాబితాలో చివర రాసినంత మాత్రాన తక్కువని కాదు అని ఎవరైనా అనొచ్చు. మరి మనకు కనబడే పనులను చూసి చెప్పండి, ఏ బెంచీకి ఎంత అందిందో!

నేను ఇట్లా మాట్లాడితే ఇంట్లో, క్లాసులో నాకు వచ్చిన అడ్డు మాటలు కూడా రాస్తాను. జవాబు చెప్పకుండా తప్పించుకుంటే అది వాదం కాదు.

మొదటి మాట: "దవాఖానలు వేరే శాఖ పని. స్మార్ట్ సిటీని ఎందుకు అడుగుతావు?" శాఖలు వేరు కావచ్చు, రోగి ఒక్కడే గదా. దగ్గేటప్పుడు మా నానమ్మ ఏ శాఖ కింద దగ్గాలి? నగరమంతటినీ ఒక్క చోట కూర్చొని చూడటానికే కమాండ్ సెంటర్ కట్టామని చెప్పుకుంటారు. చెత్త బండి ఎక్కడుందో అక్కడ కనబడాలంటారు. ల్యాబ్ మనిషి రాని రోజు కూడా అక్కడ కనబడాలి. చెత్త బండికి ఉన్న విలువ కఫం డబ్బీకి ఎందుకు ఉండకూడదు?

రెండో మాట: "నీళ్లు, డ్రైనేజీ, రోడ్లు కూడా ఆరోగ్యమే." ఇది నిజం. నేను పూర్తిగా ఒప్పుకుంటాను. అందుకే గట్టిగా అడుగుతున్నాను. మా ఇంటికి నల్లా నీళ్లు నాలుగైదు రోజులకోసారి వస్తాయి. ఉజనీ డ్యామ్ నుంచి వచ్చే నీళ్లను డ్రమ్ముల్లో, బిందెల్లో పట్టి దాచుకుంటాం. డెంగీ దోమ మురికి కాలువలో పుట్టదు, మనం దాచుకున్న ఈ మంచినీళ్లలోనే పుడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. అంటే నల్లా ఆలస్యమైతే డ్రమ్ము నిండుతుంది, డ్రమ్ము నిండితే దోమ పుడుతుంది, దోమ పుడితే అదే చిన్న దవాఖానలో అదే ఒక్క సిస్టర్ ముందు వరస పెరుగుతుంది. నీళ్లు రోజూ రావడం దీపాల బోర్డు కన్నా పెద్ద స్మార్ట్ పని. అది దవాఖాన బరువును కూడా దించుతుంది. నీళ్లు ఆరోగ్యమే అనేవాళ్లు ముందు నీళ్ల లెక్క చెప్పాలి.

మూడో మాట: "కరోనా కాలంలో కమాండ్ సెంటర్లే గదా ఆదుకున్నాయి?" కొంత నిజం. చాలా నగరాల్లో వాటిని వార్ రూములుగా వాడారు. మంచాలు ఎక్కడ ఖాళీ ఉన్నాయో, అంబులెన్సు ఎటు పోవాలో చూశారు. దానికి వందనం. కాని తెర మీద ఖాళీ మంచం కనబడుతుంది గాని, మంచం పక్కన నిలబడే నర్సు తెరలో నుంచి దిగి రాదు. 2020 ఏప్రిల్‌లో మన ఊళ్లో కరోనా మొదలైనప్పుడు మన పేటల సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. ఒకే గదిలో మగ్గం, వంట, పడక. అటువంటి ఇళ్లకు కావలసింది తలుపు తట్టి జ్వరం చూసే ఆశా తాయిలు. ఆ పని వాళ్లే చేశారు. వాళ్లకు ఏ స్తంభం మీదా బోర్డు లేదు.

నాలుగో మాట మన వాళ్లే అన్నారు: "సర్కారీ దవాఖానకు ఎవరు పోతారు? ప్రైవేటు ఉంది గదా." ఈ మాట అన్న పెద్దమనిషిని నేను గౌరవిస్తాను. కాని ఆయనకు ప్రశ్న: అక్కడ బిల్లు కట్టడానికి మన వాడకట్టులో ఎన్ని ఇళ్లు చిట్టీ పాడుకున్నాయి? ఎంతమంది చెవి కమ్మలు తాకట్టులో ఉన్నాయి? సర్కారీ దవాఖాన బాగా లేకపోవడం వల్లనే గదా ప్రైవేటుకు పోయేది. దాన్ని చూపించి సర్కారీ దవాఖాన అక్కర్లేదనడం, అన్నం పెట్టకుండా వీడికి ఆకలి లేదనడం లాంటిది.

ఇంకో సంగతి బీడీ చుట్టే ప్రతి ఇంటికీ తెలియాలి. 1976లో చట్టం చేసి బీడీల మీద సెస్ వసూలు చేశారు. ఆ డబ్బుతో బీడీ కార్మికులకు దవాఖానలు, పిల్లలకు స్కాలర్‌షిప్పులు నడిచాయి. మన బడిలో ఎంతమంది తల్లుల బీడీ కార్డు మీద చదువుకున్నారో సార్లకు తెలుసు. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు ఆ సెస్ ఎత్తేశారు. ఇప్పుడు ఆ దవాఖానలు ప్రతి ఏటి బడ్జెట్ దయ మీద బతకాలి. తేదీలు చూడండి: 2016లో మన నగరం స్మార్ట్ జాబితాలో చేరింది. 2017లో మన అమ్మల దవాఖానకు సొంత రాబడి పోయింది. మొదటిదానికి పండుగ చేసుకున్నాం. రెండోది మనకు తెలియనే తెలియదు.

డబ్బు లేక కాదు, ఆలోచన వేరని చెప్పడానికి ఒక ఉదాహరణ. మన తాత ముత్తాతలు వచ్చిన వరంగల్, కరీంనగర్ రెండూ స్మార్ట్ సిటీ జాబితాలో ఉన్నాయి. హైదరాబాద్ లేదు. ఆ హైదరాబాద్‌లోనే 2018లో బస్తీ దవాఖానలు మొదలయ్యాయి. బస్తీ మధ్యలో చిన్న భవనం, ఒక డాక్టర్, ఒక నర్సు, ఉచితంగా మందులు, పరీక్షలు. అవి లోపం లేనివని నేను అనను. కాని ఇటుక పెట్టేటప్పుడే మనిషిని కూడా లెక్కలో పెట్టారు. తెలివి అంటే అది.

మన దగ్గర కూడా నియమం లేక కాదు. జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ 2013లో వచ్చింది. ప్రతి 50,000 మందికి ఒక పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలని దాని లెక్క. 2011 జనాభా లెక్కల్లో సోలాపూర్ జనం తొమ్మిదిన్నర లక్షలు. భాగించండి, 19 వస్తుంది. ఆ తర్వాత పెరిగిన జనం అదనం. జాతీయ ఆరోగ్య విధానం 2017లో ఇంకో మాట ఇచ్చింది: 2025 కల్లా ప్రభుత్వాల ఆరోగ్య ఖర్చు దేశ ఆదాయంలో రెండున్నర శాతానికి చేరాలని. 2025 కల్లా టీబీని తరిమేస్తామని కూడా దేశం మాట ఇచ్చింది. 2025 వచ్చింది, మా ఇంటికి టీబీ కూడా వచ్చింది.

ఇక నా కోరికలు. ఇవి చంద్రుణ్ని తెమ్మని అడగడం కాదు.

ఒకటి, చౌకుల్లోని ఆ దీపాల బోర్డుల మీదనే రాయండి: ఈ పేట దవాఖానలో ఈ రోజు డాక్టర్ ఉన్నారా, ల్యాబ్ నడుస్తుందా, షుగర్, బీపీ, టీబీ మందులు ఉన్నాయా అని. బోర్డు ఉంది, తీగ ఉంది, కరెంటు ఉంది. నిజం చెప్పే ధైర్యం కావాలి.

రెండు, కఫం ఇచ్చిన రోజు నుంచి రిపోర్టు వచ్చిన రోజు దాకా ఎన్ని రోజులు పట్టిందో ప్రతి దవాఖాన గోడ మీద నెలనెలా రాయండి. కొత్త యంత్రాలు రెండు గంటల్లో ఫలితం ఇస్తాయట. రెండు గంటల పనికి పన్నెండు రోజులు ఎందుకో అడిగే హక్కు రోగికి ఉండాలి.

మూడు, సాయంత్రం దవాఖాన తెరవండి. గిర్నీకి పోయేవాళ్లు, బీడీలు ఇచ్చి వచ్చేవాళ్లు పొద్దున పదింటికి వరసలో నిలబడలేరు.

నాలుగు, సూచనలు మరాఠీతో పాటు తెలుగు, కన్నడ, ఉర్దూలో కూడా రాయండి. మందు ఎప్పుడు వేసుకోవాలో చదువుకోలేని ముసలమ్మకు మందు ఇచ్చినా సగమే ఇచ్చినట్టు.

ఐదు, ఇకపై ఏ పథకంలోనైనా దవాఖాన గోడకు డబ్బు రాసిన కాగితం మీదనే, దాంట్లో పనిచేసే మనుషుల ఐదేళ్ల జీతం కూడా రాయండి. లేకపోతే కట్టవద్దు.

ఇవి ప్రభుత్వానికి చెప్పినవి. మనకు కూడా ఒక మాట చెప్పకపోతే నేను పిరికివాణ్ని అవుతాను. ప్రతి ఏడు నారళీ పున్నమకు మన మార్కండేయ స్వామి రథం బయలుదేరుతుంది. ఆ దారిలో గుంత పూడ్చాలని, దీపాలు వేయాలని మన పెద్దలు ముందే పోయి అడుగుతారు, పని చేయించుకొని వస్తారు. మంచిదే. అదే పెద్దలు, అదే గట్టిదనంతో, "మా పేట దవాఖానకు ల్యాబ్ మనిషిని రోజూ పంపండి" అని ఒక్కసారి అడిగారా? అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. మనం దీపాలు అడిగాం, దీపాలు వచ్చాయి.

మన బడికి కూడా ఒక మాట. డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్ 1910లో మన సోలాపూర్‌లోనే పుట్టారు. 1938లో చైనాకు పోయి, యుద్ధంలో గాయపడ్డవాళ్లకు సేవ చేస్తూ 1942లో అక్కడే చనిపోయారు. ఆయన మీద మనం ప్రతి ఏడు ప్రసంగాలు చేస్తాం. ఆయన గొప్పతనం ఏ యంత్రంలో ఉంది? రోగి ఉన్న చోటికి డాక్టర్ పోవడంలో ఉంది. ఆయన పుట్టిన ఊళ్లో రోగి డాక్టర్ కోసం మూడు పొద్దులు తిరగడం మనకు సిగ్గు అనిపించాలి.

సార్లూ, టీచర్లూ, ఈసారి వక్తృత్వ పోటీకి "స్మార్ట్ సిటీ – మన ఆరోగ్యం" అనే విషయమే మళ్లీ ఇవ్వండి. కాని ఒక నియమం పెట్టండి. మాట్లాడే ప్రతి విద్యార్థి ముందుగా ఒక పొద్దు తన పేట దవాఖాన వరసలో కూర్చొని రావాలి. ఎన్నింటికి పోయారు, ఎన్నింటికి డాక్టర్ చూశారు, ఏ మందు దొరకలేదు, రాసుకొని రావాలి. ఆ కాగితాలన్నీ కలిపి నగరపాలికకు పంపుదాం. మన మాటలకు బహుమతి వస్తే సంతోషమే. మన కాగితాలకు ల్యాబ్ మనిషి వస్తే ఇంకా సంతోషం.

నానమ్మ మందులు మొదలుపెట్టి ఇది నాలుగో నెల. ఆరు నెలలు వేసుకోవాలి, ఒక్క రోజు తప్పకూడదు. దగ్గు తగ్గింది, అన్నం తింటోంది. నాకు బహుమతిగా వచ్చిన స్టీలు డబ్బాలోనే బిళ్లలు పెట్టుకుంటుంది. పొద్దున ఆ డబ్బా మూత తీసి ఇచ్చే పని నాది.